గుఱ్ఱములకు గిట్టల తాకుడువలన కలుగు కాలిగాయములు

మన సహకార సంఘముల సభ్యులలో గుఱ్ఱమును పెంచువారు పూర్వమువలె నేడు పెక్కుమంది లేరు. రైలుస్టేషనుల యొద్ద వరుసలు తీఱి నిలిచియుండిన జట్కాబండ్లు, ఆటోలు వచ్చిన పిమ్మట చాలవఱకు కనుమఱుగైనవి. అయినను గుఱ్ఱమునకు పని తీఱలేదు. పాడేరు, చింతపల్లి ప్రాంతముల మన్యమున, బండి పోజాలని కొండగ్రామములనుండి కాఫీగింజలను, మిరియములను సంతకు దింపుటకును, సంతనుండి ఉప్పు పప్పులను పైకి చేర్చుటకును గిరిజన రైతులకు గుఱ్ఱము నేటికిని ఆధారమై యున్నది. విశాఖపట్టణపు సముద్రతీరమున సవారికిని, పట్టణములలో పెండ్లి ఊరేగింపులకును గుఱ్ఱములనిచ్చి జీవించువారును కలరు. ఇట్టివారి గుఱ్ఱము కుంటినచో ఆ దినపు రాబడి నిలిచిపోవును గాని, మేపు ఖర్చు నిలువదు. ఎద్దులకైన జతలో రెండవది యుండును. గుఱ్ఱమునకు అదియు లేదు.

గుఱ్ఱము కుంటుటకు కారణములనేకములు. వానిలో దాని గిట్టయే దాని మఱియొక కాలిని కొట్టుటవలన కలుగు గాయములను గూర్చి మాత్రమే ఈ పాఠమున వ్రాయుచున్నాము. వీనిని మన రైతులు సామాన్యముగా లెక్కచేయరు. “కాలు కాలు ఒరసికొన్నది, అదే మానును” అని ఊరకుందురు. కొన్ని నిజముగనే మానును. కొన్ని మానక పోవుటయేకాక ప్రాణమునకే తెచ్చును. ఏది ఎట్టిదో తెలిసికొనుటయే ముఖ్యము.

గుఱ్ఱపు నడకను ముందుగా గమనింపవలెను. మెల్లగా నడచునపుడు నాలుగు కాళ్లును ఒకదాని తరువాత నొకటి నేలబడును. చిన్నపరుగు తీయునపుడు అట్లుగాక, కుడి ముందుకాలును ఎడమ వెనుకకాలును ఒక్కమాఱు లేచి ఒక్కమాఱు పడును. పిమ్మట రెండవ జత. ఈ పరుగున వెనుకగిట్ట, అదే ప్రక్కనున్న ముందుగిట్ట విడిచిన జాడకు చేరువగనో, దానిమీదనో, దానిని దాటియో పడుచుండును. అనగా ముందుకాలు తన చోటును సకాలమున ఖాళీ చేయవలెను. క్షణకాలము జాగుచేసినచో వెనుకకాలు వచ్చి తాకును. ఇది ముందు వెనుకల తాకుడు. ఇక ప్రక్క తాకుడు మఱియొకటి: లేచిన కాలు నేలనున్న కాలి ప్రక్కగా పోవునపుడు తిన్నగా పోక లోపలికి వంగి, దానిని గీచికొని పోవును. ఈ వ్యాసమున చెప్పబోవు గాయములన్నియు ఈ రెండింటిలో నేదో యొకదానివలన కలుగునవే.

ప్రక్క తాకుడే ఎక్కువగా కనబడునది. గిట్టకు పైనున్న కీలు లోపలివైపున, ముఖ్యముగా వెనుకకాళ్లయందు, మొదట వెండ్రుకలు మాసి లేచినట్లుండును. పిమ్మట ఆ చోట చర్మము గీచికొనిపోవును. నిత్యము అదే చోట దెబ్బ తగులుచుండుటచే మానిన పుండు మఱల రేగి, తుదకు చర్మము కాయ కాచి దళసరియగును. కీలు లావెక్కును. లావెక్కిన కీలు మునుపటికంటె ముందుకు పొడుచుకొని వచ్చుటచే గిట్టకు మఱింత సులభముగా తగులును. దెబ్బవలన వాపు, వాపువలన మఱల దెబ్బ: ఈ వలయమును తొలినాళ్లలోనే త్రెంపవలెను.

వడిగా పరుగిడు గుఱ్ఱములకు ఇదే దెబ్బ ముందుకాలి మోకాలికి కొంచెము దిగువగా, లోపలివైపున తగులును. ఆ నొప్పికి గుఱ్ఱము ఒక్కసారిగా తడబడి ముందునకు బోర్లపడుటయు కలదు; కావున పైన కూర్చున్నవానికిని ఇది ప్రమాదకరము. మోకాలిక్రింది లోపలి యెముకమీద పలుమాఱు దెబ్బ తగిలినచో అచట రేగుపండంత గట్టి గడ్డ యేర్పడవచ్చును. గుఱ్ఱమును కొనబోవు సభ్యుడు రెండు ముందుకాళ్ల లోపలివైపును పైనుండి క్రిందికి వ్రేళ్లతో తడవి చూడవలెను. ఇట్టి గడ్డ యున్న గుఱ్ఱమును తప్పక త్రోసివేయుమని చెప్పుటలేదు. పాతదై నొప్పి లేకున్న దానితో చాలకాలము పనిచేయును. కాని గడ్డతోబాటు కీళ్లవద్ద కొత్త గీతలును ఉన్నచో, ఆ గుఱ్ఱము తన కాళ్లను తానే కొట్టుకొనుచున్నదని గ్రహించి, వెలను ఆ మేరకు తగ్గించి యడుగవచ్చును.

గుఱ్ఱము ఏల తన కాళ్లను కొట్టుకొనును? కొన్నింటికి అది పుట్టుకతో వచ్చిన అవయవ దోషము. ఱొమ్ము ఇఱుకై ముందుకాళ్లు రెండును దగ్గఱగా నున్నచో తాకుడు తప్పదు. గిట్టల కొనలు బయటికి తిరిగియున్న గుఱ్ఱము కాలెత్తినపుడు గిట్టను లోపలివైపునకు విల్లువలె వంచి త్రిప్పుచు ముందుకు వేయును. ఆ త్రిప్పుటలో రెండవకాలు అడ్డుపడును. దీనిని పరీక్షించుటకు మేస్త్రీలు గోడకు పట్టెడి గుండుదారము చాలును. గుఱ్ఱమును సమతలమున నిలిపి, ఎదురుగా నిలిచి, భుజపుటెముక కొననుండి దారమును వ్రేలాడదీసినచో అది మోకాలిని, కీలును, గిట్టను నడిమికి విభజింపవలెను. వెనుకవైపున పిఱుదు కొననుండి అట్లే చూడవలెను. వెనుకకాళ్ల మడమకీళ్లు ఆవు కాళ్లవలె లోపలికి చేరియున్న గుఱ్ఱములు ఎక్కువగా కొట్టుకొనును.

అయితే పుట్టుకదోషము లేని గుఱ్ఱమును మనమే దోషిని చేయు సందర్భములు పెక్కు కలవు. ఎముకలు ముదురని లేతపిల్లకు బరువు మోపుదుము. దానికి ఇంకను అడుగు కుదుట పడియుండదు. మేపు తగ్గించి పని పెంచుదుము. నీరసించిన గుఱ్ఱము కాళ్లను ఎత్తి వేయజాలక ఈడ్చివేయును. ఉదయమున చక్కగా నడచిన గుఱ్ఱము సాయంకాలమునకు గిట్టలు టకటక తాకించుచున్నచో, అది లాడముల దోషము గాక అలసటయని తెలియవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది గిట్టల యుపేక్ష. గిట్ట నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్లు పెరుగును. లాడము వేసిన గిట్ట నేలకు ఒరసి అరుగుటకు వీలులేదు గనుక, నాలుగు మొదలు ఆఱు వారములకొకసారి లాడమును తీసి గిట్టను చెక్కి మఱల వేయవలెను. మూడు నెలలు విడిచిన గుఱ్ఱమునకు ముందుగిట్ట కొన పొడవై, నేలనుండి లేచుటకు జాగగును. వెనుకకాలు వచ్చి తాకుటకు ఈ జాగే చాలును.

ముందు వెనుకల తాకుడులో రెండు తరగతులు కలవు. మొదటిది చప్పుడు మాత్రము చేయునది. చిన్నపరుగున వెనుక లాడము కొన ముందు లాడమునకు అడుగున తగిలి, కమ్మరి కొలిమిలో ఇనుము కొట్టినట్లు టంగుమని మ్రోగును. దీనివలన గాయమరుదు గాని, ఒక్కొక్కప్పుడు ముందులాడము ఊడిపడును. ఊడునపుడు మేకులు గిట్టగోడను చీల్చికొని వచ్చును.

రెండవది నిజమైన గాయము. వెనుకగిట్ట అంచు ముందుకాలి మడమ వెనుకనున్న మెత్తని గుబ్బలను తాకి, కత్తితో చెక్కినట్లు ఒక పొరను లేపును. రాళ్లత్రోవలో, బురదలో, లేక నిటారైన దిగుడులో ఇట్లు జరుగుట కలదు. కొండదారులలో బస్తాలతో దిగు గుఱ్ఱములను ఈ దృష్టితో ప్రతి దిగుడు చివరను చూచికొనుట మేలు. అవి తఱచుగా లాడములు లేనివగుటచే దెబ్బ తీవ్రత కొంత తగ్గును. ఇనుపయంచు కోసినట్లు కొమ్ము కోయదు. మడమ గాయమున రక్తము తక్కువగా కనబడినను, నలిగిన మాంసమున మట్టియు పేడయు దూఱియుండును. కావున అది చూపునకంటె చెడ్డది.

ఇదే దెబ్బ మడమను దాటి పైకి, మోకాలికిని గిట్టపై కీలుకును నడుమ కాలి వెనుకభాగమున తగిలినచో మఱింత భయంకరము. అచట త్రాడువలె చేతికి తగులునవి స్నాయువులు. మన రైతులు నరములందురు. చర్మముమీద అంగుళము గాయమే కనబడవచ్చును, లోపల స్నాయువు తెగియుండవచ్చును. గుఱ్ఱము ఆ కాలు మోపినపుడు గిట్టపై కీలు నేలవైపునకు క్రుంగినను, గిట్టకొన పైకి లేచినను స్నాయువు తెగినదని అనుమానింపవలెను. అప్పుడు గుఱ్ఱమును ఒక్క అడుగైనను నడిపింపక, ఉన్నచోటనే నిలిపి పశువైద్యుని రప్పింపవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల వచ్చు నేర్పాటున్నది.

ఇక ఏ గిట్ట ఎచట తగులుచున్నదో కనుగొనుట ఎట్లు? గాయమున్న చోటు తెలియును గాని, కొట్టుచున్న గిట్టలో ఏ భాగము కొట్టుచున్నదో తెలియనిదే లాడములు వేయువాడు ఏమియు చేయజాలడు. దీనికి సుద్దముక్క చాలును. గిట్ట లోపలి యంచునకు ముందు మూడవభాగమున తెల్లసుద్దయు, నడుమ ఎఱ్ఱమన్నును, మడమవైపున నీలిమందును తడిపి పూసి, గుఱ్ఱమును చిన్నపరుగున ఏబది అడుగులు నడిపించి తెచ్చినచో, ఎదుటి కాలిమీద ఏ రంగు అంటినదో ఆ భాగమే దోషి. ఒకరు గుఱ్ఱమును పట్టి నడిపింపగా, మఱియొకరు ఎదురుగా నిలిచి వచ్చునపుడును, వెనుక నిలిచి పోవునపుడును చూడవలెను. పగ్గమును బిగబట్టరాదు, తల స్వేచ్ఛగా నుండనిదే నిజమైన నడక బయటపడదు.

కొట్టుచున్న భాగము తెలిసిన పిదప పని లాడములు వేయువానిది. ఉర్దూ వాడుక గల ఊళ్లలో వీనిని నాల్‌బందు అందురు. ఎద్దులకు లాడములు వేయువారందఱును గుఱ్ఱమునకు వేయగలరనుకొనరాదు. ఎద్దుగిట్ట చీలియుండుటచే దానికి రెండు బిళ్లలు. గుఱ్ఱపుగిట్ట ఒంటిది, దానికి వంపు లాడమొకటి. మేకు గిట్టలోని జీవమున్న భాగమునకు తగిలినచో తాకుడు గాయము పోయి మేకు గాయము వచ్చును. ప్రక్క తాకుడు గల గుఱ్ఱమునకు లాడపు లోపలి కొమ్మను సన్నముచేసి, గిట్ట యంచునకు సరిగా అతికి, అంచు ఎచటను బయటికి పొడుచుకొని రాకుండ వేసి, ఆకురాయితో గుండ్రముగా అరగదీయవలెను. రంగు పరీక్షలో తేలిన చోట మేకులు వేయకుండుట మంచిది. ముందు వెనుకల తాకుడునకు ముందులాడపు కొనను కొంచెము పైకి వంచి గుండ్రము చేసినచో ముందుకాలు త్వరగా లేచును. వెనుకలాడమును కొననుండి కొంచెము వెనుకకు జరిపి వేసి, లోపలియంచు పదునును తీసివేయుదురు. వెనుకలాడపు కొనమీద ముందునకు పొడుచుకొని యుండు ఇనుపనాలుక నుంచక, దానికి బదులు ఇరుప్రక్కల చిన్ననాలుకల నుంచుట మేలు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కొందఱు లాడగాండ్రు పెద్దగుఱ్ఱపు వంకరకాలిని తిన్నగా చేసెదమని గిట్టను ఒకవైపు లోతుగా చెక్కుదురు. ఎముక ముదిరిన పిదప కాలు తిన్నబడదు. కీలుమీద ప్రక్కబరువు పడి కొత్తకుంటు వచ్చును. గిట్టను సమముగా చెక్కించి, కాలికి తగిన లాడము వేయించుటయే మన చేతనైన పని.

యజమానుడు ప్రతిదినము చేయదగిన పని యొకటున్నది. లాడపు మేకుల కొనలను గిట్టగోడమీద వంచి అణచుదురు. రెండు మూడు వారములకు అవి వదులై పైకి లేచును. లేచిన మేకుకొన కత్తివంటిది. కాలు ఒరసినప్పుడెల్ల గీయును. సాయంకాలము గుఱ్ఱమును కడుగునపుడు అరచేతితో గిట్టగోడను తడిమినచో అది తెలిసిపోవును. సుత్తితో మెల్లగా అణచినచో ఆ రాత్రికి చాలును. మఱునాడు లాడగానికి చూపవలెను.

గాయము తగిలిన తరువాత ఏమి చేయవలెను? రక్తము ధారగా కారుచున్నచో శుభ్రమైన బట్టను మడచి గట్టిగా అదిమి పట్టవలెను. చర్మము చిట్లక వాచియున్నచో చల్లని నీటిధార ఇరువది నిమిషములు పోయుట, దినమునకు రెండు మూడుసార్లు చేయుట మంచిది. చిట్లిన గాయమునకు చుట్టునున్న వెండ్రుకలను కత్తిరించి, ఒక లీటరు మరగించి చల్లార్చిన నీటిలో రెండు చిన్నచెంచాల ఉప్పు కలిపి, మట్టి యంతయు పోవువఱకు ధారగా పోసి కడుగవలెను. పిమ్మట పోవిడోన్ అయోడిన్ మందును పలుచని టీ రంగు వచ్చునంతవఱకు నీళ్లలో కలిపి వాడవచ్చును. మడమవద్ద లేచిన చర్మపు పొరను మనము లాగి త్రెంపరాదు. దానిని కోయవలెనో ఉంచవలెనో వైద్యుడు నిర్ణయించును. కట్టు కట్టినచో దూది మందముగా పెట్టి కట్టవలెను. సన్నని గుడ్డను బిగించి కట్టినచో రక్తప్రసారము నిలిచి పాదమునకే మోసమగును.

కీలు దగ్గఱ గాయమునుండి రక్తము గాక, లేతపసుపు వర్ణము గలిగి, గ్రుడ్డు తెల్లసొనవలె జిగటగా తీగసాగు ద్రవము కారుచున్నచో కీలులోపలి సంచికి రంధ్రము పడినదని భావింపవలెను. గాయము ఆవగింజంతయే యైనను ఇది గంటలలో చూపవలసిన ఆపద. ఆలస్యమైనచో కీలు చీముపట్టి గుఱ్ఱము పనికిరాకపోవును. గిట్టయు చర్మమును కలియు అంచుమీద కాలు త్రొక్కుకొన్న గాయమును సైతము తేలికగా చూడరాదు. గిట్ట పుట్టునది అచటనే. ఆ చోట చెడినచో పెరిగివచ్చు గిట్టకు చీలికయో వంకరయో వచ్చి, అది క్రిందికి దిగి పోవుటకు 9 మొదలు 12 నెలలు పట్టును.

గాయములమీద పేడ, బూడిద, బురద, కిరసనాయిలు పెట్టు ఆచారమును గూర్చి నేను చూచినది వ్రాయుదును. 1970 ప్రాంతమున, నేను బాలుడనై యుండగా, మా ఊరి జట్కా యజమాని యొకడు అప్పు చేసి గోధుమవన్నె గుఱ్ఱమును కొనెను. దాని వెనుకకాలి కీలువద్ద మేకుకొన గీచి బొటనవ్రేలి గోరంత గాయమయ్యెను. పెద్దల మాట విని పేడను అద్ది కట్టెను. గాయము మానినట్లే యుండెను. గుఱ్ఱము కుంటుటయు మానెను. పండ్రెండవ దినమున అది దాణాముందు నిలిచి నోరు తెఱువలేకపోయెను. చెవులు బిగిసి నిలిచెను, తోక పైకి లేచి కట్టెవలె నయ్యెను, చప్పుడైనప్పుడెల్ల కంటి లోపలిమూలనుండి తెల్లపొర సగము కంటిని కప్పివచ్చుచుండెను. నాలుగుకాళ్లు ఎడముగా పెట్టి కదలలేక నిలిచెను. మూడు దినములలో చనిపోయెను. బండి రెండేండ్లు వసారాలో నిలిచియుండెను. అప్పు మాత్రము అతని కుమారుడు తీర్చెను.

అది ధనుర్వాతము. దాని బీజములు మట్టిలోను, ముఖ్యముగా గుఱ్ఱపులద్దెలోను, పశువుల పేడలోను ఉండును. గాలి తగులని లోతుగాయమున అవి మొలకెత్తి విషమును పుట్టించును. పెంపుడు జంతువులలో ఈ విషమునకు గుఱ్ఱమువలె లొంగునది మఱియొకటి లేదు. పేడను అద్ది కట్టుటయనగా ఆ బీజములను చేతితో విత్తి, గాలి తగులకుండ కప్పుటయే. దీనికి నివారణ సులభము, చవుక. టీకా మొదటిసూది వేయించి, నాలుగు మొదలు ఆఱు వారములకు రెండవది వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో మఱల వేయించుచుండిన చాలును. టీకా వేయని గుఱ్ఱమునకు గాయమైనచో విషమును విఱుచు వేఱు సూదిమందును వెంటనే వేయింపవచ్చును. వ్యాధి పైకి వచ్చిన పిదప బ్రదుకునవి కొద్ది.

కాళ్లకు తొడుగులు వేయుట మంచి యుపాయమే. కీలును కప్పు తోలుతొడుగులును, మడమను కప్పు రబ్బరు గంటతొడుగులును దొరకును. చేతిలో డబ్బు లేనివారు మందమైన కంబళిముక్కను కీలుకు పైగా నాడాతో కట్టి, పైభాగమును క్రిందికి మడచి రెండుపొరలు చేసిన చాలును. అయితే పని ముగియగనే తీసివేయవలెను. దుమ్ములో రాత్రియంతయు విడిచినచో లోపల చేరిన ఇసుక ఆకురాయివలె చర్మమును అరగదీయును. తొడుగు దెబ్బను ఆపునే గాని కొట్టు అలవాటును మాన్పదు. దానిని నమ్మి లాడగానిని పిలుచుట మానరాదు.

మన పూర్వులు అశ్వశాస్త్రమును ఉపేక్షించినవారు కారు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమను కావ్యమునే తెలుగున రచించెను. సుడులను బట్టియు వన్నెలను బట్టియు శుభాశుభములను చూచుట అట్టి గ్రంథములలో కలదు. నేడును గుఱ్ఱమును కొనువారు మెడమీది సుడిని మూడుసార్లు చూతురు, గిట్టను ఒక్కసారియు ఎత్తి చూడరు. నా మట్టుకు నేను గిట్టనే ముందు చూతును.

అలసటవలన వచ్చు తాకుడును గూర్చి ఇంకొకమాట. బండి లాగు పశువులను గూర్చి 1965వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, దినమునకు మొత్తముమీద తొమ్మిది గంటలకు మించియు, విశ్రాంతి లేకుండ ఒక్కపట్టున ఐదు గంటలకు మించియు పని చేయింపరాదు. ఉష్ణోగ్రత 37 సెంటిగ్రేడు డిగ్రీలు మించు ప్రాంతములలో మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవఱకు బండి కట్టరాదు. చట్టమునకు వెఱచి కాకున్నను, గిట్టల చప్పుడు వినబడిన వెంటనే బండి నిలిపి అరగంట నీడను విడిచినచో, ఒక పుండునకు పట్టు నెలదినముల నష్టము తప్పును.

గుఱ్ఱపు లాడములు నేర్పుగా వేయువారు నేడు అరుదగుటచే, ఒక్క గుఱ్ఱము కొఱకు వానిని దూరమునుండి పిలిపించుట ఎవరికిని తగిన పని కాదు. నాలుగైదు ఊళ్ల సభ్యులు కలిసి, సంఘము మూలమున ఐదు వారములకొక దినము నిర్ణయించి, రాకపోకల ఖర్చును గుఱ్ఱముల సంఖ్యనుబట్టి పంచుకొనవచ్చును. ఆ దినముననే పశువైద్యుని గూడ రప్పించినచో టీకాలును జరుగును. ముందురాత్రి గుఱ్ఱములను బురదలో కట్టక పొడినేలను కట్టవలెను. తెల్లవాఱగనే గిట్టలను కడిగి, అడుగున చేరిన మన్నును కొక్కెముతో తీసి ఆరనిచ్చి, పాతలాడములను పడవేయక వెంట తేవలెను. ఏ వైపు ఎంత అరిగినదో చూచి కొత్తలాడమును కొట్టుటకు లాడగానికి అవి కావలసియుండును.